పది బస్తాల గరిక

ములకలపల్లి,
12 జూన్ 2006

చెల్లె లూర్దమ్మకు,

మీ అక్క ఇన్నమ్మ రాయునది. ఇక్కడ అందరం బాగున్నామని ముందు రాయాలి గనుక రాస్తున్నాను. మోకాలు ఒక్కటే బాగాలేదు. మబ్బు పట్టినా నొప్పే, పట్టకపోయినా నొప్పే.

ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చాము. ముప్పై ఏళ్లు ఒకే మడిలో నాట్లు వేశాము. అటువంటి యారాళ్లం కదా, నీకు పని దొరికిన సంగతి నాకు లారీ గోపాలు చెప్పాలా? మొన్న మా వాకిట్లో మంచినీళ్లు తాగుతూ చెప్పాడు.

“పెద్దమ్మా, నీ యారాలు ఇప్పుడు ఉత్త మనిషి కాదు. మెడల ఈల ఏసుకున్నది. ఊదితే పదారు మంది ఆడోళ్లు లేస్తరు, మళ్ల ఊదితే కూసుంటరు” అన్నాడు.

“ఏంది, పోలీసుల చేరిందా?” అన్నాను.

“పోలీసు గాదు. సిస్టర్ల బోర్డింగు బడి కాడ ఆటల గ్రౌండు కడుతున్నరు. దానికి మేస్త్రి.”

నువ్వు ఎర్రుపాలెం నుంచి పెళ్లికూతురుగా వచ్చిన మొదటి వానాకాలం గుర్తొచ్చింది. కాలికి జలగ పట్టిందని గట్టు మీద కూర్చుని ఏడ్చావు. దాన్ని పీకింది నేను. నారు ఎన్ని వేళ్లతో పట్టాలో నేర్పింది నేను. అప్పుడు మన ముఠాకు మేస్త్రిని నేనే. నాకు ఎవరూ ఈల ఇవ్వలేదు, నోటితోనే పిలిచాను.

ఈల నోట్లో పెట్టుకుని నడవకు. జారి గొంతులో పడితే పినపాకలో ఆ సమయానికి డాక్టరు ఉంటాడో లేడో. డోజరు వెనక నిలబడకు, దానికి వెనక కళ్లుండవు. ఎండలో తలకు గుడ్డ చుట్టుకో. మరిది గుండె మందులు మానలేదు కదా.

ఆ ఈల నీకే ఇచ్చారా, పని అయ్యాక మళ్లీ తీసుకుంటారా?

మీ అక్క,
ఇన్నమ్మ


పినపాక,
25 జూన్ 2006

అక్కా,

ఈల గొంతులో పడదు. దానికి దారం ఉంది.

నీకు నేనే రాద్దామనుకున్నాను, తీరిక దొరకలేదు. మీ మరిది ఈ బడికి వాచ్‌మన్‌గా చేరినప్పుడు నేను కూడా ఏదో ఒక పని ఇవ్వమని మదర్ గారిని అడిగాను. వంటింట్లో వేస్తారనుకుంటే గ్రౌండు పనికి పెట్టారు. చుట్టూ పిల్లలు పరుగెత్తే బాట, నడుమ ఫుట్‌బాల్ ఆడే చోటు. జనవరిలో చుట్టుపక్కల బళ్లన్నీ ఆటలకు ఇక్కడికే వస్తాయి.

ఇది మన మడి లాంటిదే అనుకున్నాను గానీ అంతా తలకిందులు. మడిలో నీళ్లు నిలవాలి. ఇక్కడ ఒక్క చుక్క నిలవకూడదు. మోడులన్నీ డోజరుతో పెకలించారు. కింద గులకరాళ్లు, దాని మీద వాగు ఇసుక, ఆ పైన ఎర్రమట్టీ మాగిన పెంటా కలిపి జానెడు మందం పరిచాము. నీళ్లు నింపిన గొట్టం ఒక కొస నేను, ఒక కొస పూలి పట్టుకుని మట్టం చూస్తాము. నడుమ ఎత్తు, అంచులకు వాలు. పూలి అడవి గూడెం పిల్ల, కోయవాళ్లు. నా ముఠాలో దాని చేయే చేయి.

మట్టం కుదిరింది. గడ్డి కుదరలేదు. కాంట్రాక్టరు పట్నం నుంచి చాపలు చుట్టినట్టు గడ్డి చుట్టి తెచ్చాడు. వారం తిరగకముందే ఎర్రబడి చచ్చింది. ఆటల సారు వెంకటేశ్వరరావు గారు నాటు గరికే మేలన్నారు. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. “పుట్టినకాంచి పీకి పారేసినం, ఇప్పుడు కూలి ఇచ్చి నాటమంటున్నరు” అని.

నేను సారుతో అన్నాను, “గరిక సంగతి మా అక్కకు తెలిసినంత ఎవలకు తెల్వది సార్” అని. కాబట్టి అక్కా, పది బస్తాల గరిక పంపు. గోపాలు లారీ ఖాళీగా వచ్చే రోజు చూసి వేయించు. గరిక ఎట్లా ఉండాలో నీకు చెప్పేంతదాన్ని కాను.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. జనవరి ఆటలు బాగా జరిగితే నన్ను పర్మనెంటు చేస్తారట. బడి ఆవరణలోనే గది ఇస్తారు. ఇప్పుడున్న కిరాయి ఇల్లు వానకు కారుతోంది. మీ మరిదికి ఆ తడి పడదని నీకు తెలుసు.

నీ చెల్లె,
లూర్దమ్మ


ములకలపల్లి,
9 జూలై 2006

చెల్లె లూర్దమ్మకు,

నీ ఉత్తరం అందింది. చదివి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. వెనక ఏమీ రాయలేదు. నన్ను కూడా రమ్మని అడిగావేమో అనుకున్నాను. పర్వాలేదు, నా మోకాలుతో నేను వచ్చి మాత్రం ఏం చేస్తాను.

గరిక పంపుతున్నాను. పది బస్తాలు. వాగు ఒడ్డున కోశాననుకునేవు, అక్కడంతా తుంగ, అక్కడికి పోలేదు. మన చర్చి వెనక సమాధుల తోటలో, మీ బావ పడుకున్న చోట కోశాను. జోజి మీద ఎంత గరిక పెరిగిందో నీకు తెలుసు కదా, పరుపులాగా. నాలుగు రోజులు కూర్చుని తీగెలు మాత్రమే కోశాను. వేరు ముట్టలేదు. అక్కడి మట్టి మంచిది.

బస్తాలు విప్పి ఆరబెట్టకు, చస్తుంది. వచ్చిన రోజే నాటించు. కడగాల్సిన పని లేదు.

ఇక్కడ మా వీధిలో ఇద్దరికి కీళ్ల జ్వరం వచ్చింది. చేతులు కొంకర్లు పోతున్నాయట. మీ దగ్గర దోమలు ఉన్నాయా? మరిదికి రాకుండా చూసుకో. నీకు వస్తే ఆ పదహారు మందిని ఎవరు చూస్తారు? ఇంకొక మనిషి తోడుంటే బాగుండును.

మీ అక్క,
ఇన్నమ్మ


పినపాక,
24 జూలై 2006

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడుపు వచ్చింది. నీకు తెలుసు, నేను ఊరికే ఏడవను.

బావ సమాధి మీది గరిక అని మదర్ గారికి చెప్పాను. ఆమె ఫాదర్ గారిని పిలిపించి బస్తాల మీద తీర్థం చల్లించారు. మనవాళ్లతో పాటు కోయవాళ్లు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు. పూలి నా చెవిలో అడిగింది, “మీ బావ మంచోడేనా?” అని. “మంచోడే, కొంచెం తాగుతుండె” అన్నాను. “అయితే గడ్డి జల్దీ పెరుగుద్ది” అన్నది.

నువ్వు చెప్పినట్టే కడగకుండా ఆ రోజే మొదలుపెట్టాము. జానెడుకొక పిలక. ఇక్కడ ఒక తంటా వచ్చింది. నాట్లు వేసే అలవాటు కొద్దీ అందరం వెనక్కి వెనక్కి నడుస్తూ నాటాము. వెంకటేశ్వరరావు సారు ముందుకు నడవమంటారు. “ముందుకు నడిస్తే చెయ్యి సాగదు సార్” అని వాదించాము. చివరికి సారే మా వెనక పరుగెత్తుతూ ఎవరూ గుంటలో పడకుండా చూశారు.

మొదటి గోలు కర్రల ముందు, పెనాల్టీ గీత దాకా నా చేత్తో నేనే నాటాను. అది బావ వంతు అనుకున్నాను. చివర మూల కొంచెం తక్కువ పడితే పూలి వాళ్ల గూడెం నుంచి రెండు బస్తాలు తెచ్చింది.

పేపరువాళ్లు వచ్చారు. జిల్లా పేజీలో నా బొమ్మ వేశారు. కింద ‘గడ్డి మేస్త్రమ్మ’ అని రాశారు. మీ మరిది ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించాడు. నీకు కూడా ఒకటి పంపుతున్నాను.

నీ చెల్లె,
లూర్దమ్మ


ములకలపల్లి,
10 ఆగస్టు 2006

చెల్లె లూర్దమ్మకు,

గోదారి మూడో హెచ్చరిక దాటి పోయిందని రేడియోలో చెప్పారు. భద్రాచలంలో నీళ్లు వీధుల్లోకి వచ్చాయట. మీ గ్రౌండు మునిగిందా? అంత దూరం నీళ్లు వచ్చాయా? గడ్డి కొట్టుకుపోయిందా? వెంటనే రాయి. మీరిద్దరూ బాగున్నారా?

నీ బొమ్మ చేరింది. నువ్వు పంపకముందే చూశాను. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితంలో వచ్చింది. నీ ముఖం మీద నూనె మరక. ఇంటికి తెచ్చి ఆరబెట్టాను. బొమ్మలో నువ్వు చేయి ఎత్తి ఎటో చూపిస్తున్నావు. ఆ చేయి అట్లా ఎత్తడం నాది. నడుము మీద ఒక చేయి, గాలిలో ఒక చేయి. ముఠాను మళ్లించేటప్పుడు నేను అట్లా నిలబడేదాన్నని నువ్వే అందరికీ చేసి చూపించి నవ్వించేదానివి.

మొన్న మన ఊరి సీమాటి వాళ్ల పొలంలో నాట్లు. పొద్దున్నే తయారై కూర్చున్నాను. పిలవలేదు. “నీ కాలుకు తకలీఫ్ అయితది పెద్దమ్మా” అన్నారు. ఒడ్డు మీద నిలబడి చూశాను. వరుస వంకర పోయింది.

మీ అక్క,
ఇన్నమ్మ


పినపాక,
5 సెప్టెంబరు 2006

అక్కా,

గోదారి ఊరి దాకా వచ్చి ఆగింది. గ్రౌండు నిలబడింది. నాలుగు రోజులు కుండపోత కురిసినా వాలు మీదుగా నీళ్లన్నీ కాలువల్లోకి దిగిపోయాయి. వాన వెలిసిన పూటకే పిల్లలు ఆడారు. గరిక కలుసుకుంది. మూడు కోతలు కోసి రాతి రోలరు లాగాము. మదర్ గారు చెప్పులు విడిచి నడిచి చూశారు. ఆ రోజు నీకు ఉత్తరం రాయాల్సింది.

ఇప్పుడు రాస్తున్న సంగతి వేరు. కోసిన మూడో రోజుకే గరిక మీదుగా ఏదో సూదుల్లాగా లేస్తోంది. పచ్చటి పచ్చ, మూడు అంచుల కాడ. చూడగానే తెలిసిపోయింది. తుంగ. ముందు నాలుగు చోట్ల అనుకున్నాను. పూలితో కలిసి లెక్క పెట్టబోయి మానేశాను. గోలు కర్రల ముందు బాగా ఉంది.

పీకిస్తున్నాను. పీకిన చోట రెండు లేస్తున్నాయి. సారుకు ఇంకా అర్థం కాలేదు, పచ్చగా ఉంది కదా అని సంతోషంగా ఉన్నారు. నీళ్లు పట్టడం తగ్గించమంటావా? ఉప్పు చల్లమంటావా? నీకు తెలియని కలుపు లేదు. జల్దీ రాయి అక్కా, నాకు అన్నం సహించడం లేదు.

నీ చెల్లె,
లూర్దమ్మ


ములకలపల్లి,
14 సెప్టెంబరు 2006

చెల్లె లూర్దమ్మకు,

ఉప్పు చల్లకు. గరిక కూడా చస్తుంది.

తుంగ ఎట్లా వచ్చిందో చెప్పడం కష్టం. పెంటలో వస్తుంది. ఇసుకలో వస్తుంది. వాగు ఇసుక వేశామన్నావు కదా, వాగులో అన్నీ ఉంటాయి. డోజరు చక్రాలకు అంటుకుని వస్తుంది. వానకు కొట్టుకొస్తుంది. పక్షులు కూడా తేవచ్చు. ఆ పూలి తెచ్చిన బస్తాలు ఎక్కడివో అడిగావా? చేను గట్ల మీద పీక్కొచ్చి ఉంటుంది. వాళ్లను అనడం లేదు, చూసుకోమంటున్నాను.

నువ్వు అన్నం మానకు. నీకు కడుపులో మంట ఉంది. మజ్జిగ తాగు. నాకు కూడా ఈ మధ్య ఏది తిన్నా గొంతులోనే నిలబడుతోంది. డాక్టరు ఏమీ లేదంటాడు. ఏమీ లేకుండా ఎందుకు నిలబడుతుంది?

మరిది బాగున్నాడా? గది సంగతి ఏమన్నా తేలిందా?

మీ అక్క,
ఇన్నమ్మ


పినపాక,
12 అక్టోబరు 2006

అక్కా,

పూలిని పని నుంచి తీసేశాను.

నువ్వు రాసినది చదివాక దాన్నే అడిగాను. “మా చేన్ల తుంగ లేదు. అచ్చి సూస్కో” అన్నది. “మరి ఏడికెల్లి వచ్చింది?” అన్నాను. “మీ అక్క బస్తాలల్ల చూసినవా?” అన్నది. నాకు ఒళ్లు మండిపోయింది. తీర్థం చల్లిన గరికను, బావ సమాధి మీది గరికను అంటుందా? అందరి ముందు అనరాని మాట అన్నాను. అది చేతిలోని కొడవలి కింద పెట్టి, గంప తీసుకుని, గ్రౌండు నడుమ నుంచి నడిచి పోయింది. అంచు వెంట పోవచ్చు. నడుమ నుంచే పోయింది.

పదిహేను మంది ఇప్పుడు నాతో సరిగా మాట్లాడడం లేదు. ఈల ఊదితే లేస్తున్నారు, అంతే.

సారుకు కూడా తెలిసిపోయింది. నిన్న ఒక పిల్ల పరుగెత్తుతూ తుంగ కుదురు మీద కాలు మడతపడి పడింది. చీలమండ వాచింది. క్రిస్మసు లోపల గ్రౌండు శుభ్రం కాకపోతే పైమట్టి అంతా తీసేసి కాంట్రాక్టరుకే అప్పజెబుతామన్నారు. అప్పుడు మేస్త్రి కూడా వాళ్ల మనిషే. మీ మరిదికి ఇంకా చెప్పలేదు. గదికి సున్నం ఏ రంగు వేయించాలా అని మొన్న అడుగుతున్నాడు.

దేవుడు నన్ను ఎందుకు ఇట్లా చూస్తున్నాడో తెలియడం లేదు. నేను ఏ పొరపాటు చేశాను అక్కా?

నీ చెల్లె,
లూర్దమ్మ


ములకలపల్లి,
2 నవంబరు 2006

లూర్దమ్మా,

ఈ రోజు ఆత్మల పండుగ. అందరితో పాటు సమాధుల తోటకు పోయాను. ఎవరి సమాధి మీది గడ్డి వాళ్లు కోసి, కడిగి, కొవ్వొత్తి పెడుతున్నారు. జోజి మీద గరిక మోకాలెత్తు ఉంది. చర్చి సేవ చేసే లచ్చయ్య చూసి, “ఏంది ఇన్నమ్మా, ఈ ఏడాది ఒక్కపారి గూడ కొయ్యలేదా?” అన్నాడు.

కోయలేదు. ఒక్క తీగె కూడా కోయలేదు.

నీకు పంపిన పది బస్తాలు వాగు ఒడ్డువి. తుంగ ఉన్న చోటే గడ్డపార వేసి వేరుతో సహా పెకలించాను. రెండు పూటల్లో అయిపోయింది. గడ్డలు కనబడుతూనే ఉన్నాయి, నల్లగా, ఒకదాని వెనక ఒకటి జపమాల పూసల్లాగా. తెలియక చేశానని రాద్దామని కాగితం తీసుకున్నాను. తెలిసే చేశాను. కడిగితే బయటపడుతుందని కడగవద్దన్నాను. నువ్వు అనుమానించకుండా ఉండడానికి జోజి పేరు చెప్పాను.

ఎందుకంటే నువ్వు గరిక అడిగావు, నన్ను అడగలేదు. అంతే. ఇంకా పెద్ద కారణం ఉంటుందని వెతికాను, లేదు. నిన్ను చూసి ఓర్వలేకపోయాను. నా దగ్గర పని నేర్చినదానివి ఈల వేసుకుని నిలబడితే, నేను తయారై వాకిట్లో కూర్చుంటే ఒక్కరూ పిలవకపోతే, లోపల ఏదో పుల్లగా మారిపోయింది. గోదారి వచ్చినప్పుడు కూడా ముందు గ్రౌండు మునిగిందా అని రాశాను. మీరు బాగున్నారా అని తర్వాత రాశాను. ఉత్తరం డబ్బాలో పడ్డాక గుర్తొచ్చింది.

నాలుగు చోట్ల తుంగ వస్తుంది, నువ్వు కంగారుపడి నన్ను పిలుస్తావు, నేను వచ్చి బాగుచేస్తాను అనుకున్నాను. ఇంత అవుతుందనుకోలేదు. ఇంత అయ్యాక చెప్పడానికి భయం వేసింది. భయం వేసి పూలి మీదికి తోశాను. దాని ముఖం కూడా నాకు తెలియదు. దాని కూడు తీసింది నేను.

ఇప్పుడు నిజం రాస్తున్నాను, ఇది మాత్రం నమ్ము. తుంగను చేత్తో పీకవద్దు. పీకితే కాడ తెగి గడ్డ లోపలే ఉంటుంది. నేల తడి ఆరకముందే తవ్వించాలి. మొక్కకు బెత్తెడు దూరంలో గడ్డపార లోతుగా దింపి, మట్టి పెళ్లతో సహా ఎత్తి, చేత్తో చిదిమి గడ్డలు ఏరాలి. నూలుపోగు లాంటి వేరు పట్టుకుని పోతే తర్వాతి గడ్డ దొరుకుతుంది. ఏరినవి గట్టు మీద పోయకు, కాల్చు. గుంటలు పూడ్చి గరిక మళ్లీ పెట్టాలి. జోజి మీది గరిక అంతా ఈ రోజు కోశాను, తీగెలే, మూడుసార్లు కడిగాను. తడి గోనెలో పెట్టాను. ఎవరితో పంపాలో తెలియడం లేదు.

ఈ ఉత్తరం మదర్ గారికి చూపించు. పూలికి చదివి వినిపించు. మరిదికి నువ్వే ఎట్లా చెబుతావో నీ ఇష్టం.

ఇన్నమ్మ


పినపాక,
16 నవంబరు 2006

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మొదటి నాలుగు రోజులు నీకు రాసినవన్నీ పొయ్యిలో వేశాను. అందులో ఏం రాశానో నీకు తెలియకపోవడమే మంచిది.

అయిదో రోజు పూలి గూడేనికి నడిచిపోయాను. చేను చూపించింది. నిజంగానే తుంగ లేదు. నీ ఉత్తరం చదివాను. విన్నది.

“నేను చెప్తే ఇనలే. మీ అక్క కాయితం రాస్తే ఇన్నవ్” అన్నది.

“తప్పు నాదే బిడ్డా. పనికి రా” అన్నాను.

“వస్త. గని ఈల నాకియ్యి.”

“అదేంది?”

“నువ్వు ఊదితే ఇంక లేవబుద్ధి కాదు” అన్నది. నవ్వుతూ అనలేదు.

ఇచ్చేశాను. మదర్ గారి దగ్గరికి ఇద్దరం పోయి జరిగింది చెప్పాము. ఉత్తరం చదివి మడిచి నాకే ఇచ్చారు. “ఈల ఎవల దగ్గర ఉంటే మేస్త్రి వాళ్లే” అన్నారు. జనవరిలో పర్మనెంటు చేస్తే పూలినే చేస్తారు. గది కూడా దానిదే. మీ మరిదికి చెప్పాను. గోడకు తిరిగి పడుకున్నాడు. మరునాడు లేచి ఇంటి పైకప్పు మీద తాటాకు కప్పడం మొదలుపెట్టాడు. నీ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నిన్ను క్షమించానని రాయలేను. కానీ నువ్వు నిజం రాశాక నేను దాచడం బాగుండదు. నిన్ను పిలుద్దామని మొదటి రోజే అనిపించింది. సారు కూడా అడిగారు, “మీ అక్కనే పిలిపించరాదు?” అని. నీ మోకాలు బాగాలేదని చెప్పాను. నువ్వు వస్తే వారం తిరగకముందే ఆ ముఠా నీదవుతుంది, నేను మళ్లీ రెండో మనిషిని అవుతాను. ముప్పై ఏళ్లు రెండో మనిషిగా నిలబడ్డాను అక్కా. ఈల ఒక్క ఏడాదైనా నా మెడలో ఉండాలనుకున్నాను.

పూలి గ్రౌండును ఈ గోలు నుంచి ఆ గోలు దాకా తాడు కట్టి వరుసలు చేసింది. మనిషికొక వరుస. నువ్వు రాసినట్టే తవ్వుతున్నాము. నా వరుస పక్కది ఖాళీగా ఉంది. “మీ అక్క పాడు చేసింది, మీ అక్కే తియ్యాలె” అని పూలి అన్నది. కాబట్టి ఇది నేను పిలవడం కాదు, మేస్త్రి పిలుస్తోంది. సోమవారం రా. గడ్డపార నీదే తెచ్చుకో. ఆలస్యమైతే పూలి లోపలికి రానివ్వదు, మొన్న నన్నే గేటు బయట నిలబెట్టింది.

లూర్దమ్మ


పినపాక, బడి గేటు బయట,
20 నవంబరు 2006

చెల్లె లూర్దమ్మకు,

ఇది పోస్టులో వేయడానికి కాదు, చేతికి ఇవ్వడానికి. నిన్ను చూశాక నోరు పెగలదని తెలిసి వాచ్‌మన్ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. మరిది నన్ను చూశాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి పోయాడు. తాగాను.

మొదటి బస్సు దొరకలేదు. తప్పిపోతుందని తెల్లవారకముందే వచ్చి కూర్చుంటే అది రానే రాలేదు. కొత్తగూడెంలో మారి, మణుగూరులో మారి, గరిక గోనె బస్సువాళ్లు దింపేస్తారేమోనని ఒళ్లో పెట్టుకునే వచ్చాను. చీర అంతా తడిసింది. ఇక్కడికి వచ్చేసరికి గేటు వేసేశారు. పూలి ఎవరో చూడగానే తెలిసింది. సన్నటి మనిషి, అడుగు పెద్దది. గేటు దాకా వచ్చి నన్ను పైకీ కిందికీ చూసింది.

“నువ్వేనా?” అన్నది.

“నేనే” అన్నాను.

“అన్నం తిన్నంక తెరుస్త. అప్పటిదాంక కూసో.”

కూర్చున్నాను. నేను మేస్త్రిగా ఉన్నప్పుడు కూడా ఆలస్యంగా వచ్చినవాళ్లకు అదే మాట చెప్పేదాన్ని.

ఇక్కడి నుంచి గ్రౌండు మొత్తం కనబడుతోంది. నువ్వు రాసినప్పుడు ఇంత ఉంటుందనుకోలేదు. ఇంత పెద్ద నేలను ఇంత మట్టంగా చేశావు. ఎటు చూసినా వాలు తేడా లేదు. నేనైతే చేయలేకపోయేదాన్ని. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది, నీళ్లు రెండుసార్లు తాగాను.

నువ్వు నన్ను చూడలేదు. తల వంచుకుని తవ్వుతున్నావు. గడ్డపార మరీ దగ్గరగా దింపుతున్నావు, గడ్డలు తెగుతాయి, కొంచెం దూరంగా వేయి. తలకు గుడ్డ చుట్టుకోలేదు. నీ ఎడమ పక్క వరుస ఖాళీగా ఉంది. వచ్చినప్పటి నుంచి దాన్నే చూస్తున్నాను. ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్ని రోజులు పడుతుందో, నా మోకాలు ఒప్పుకుంటుందో లేదో, క్రిస్మసుకు అవుతుందో లేదో, అన్నీ భయాలే.

అన్నాలు అయినట్టున్నాయి. అందరూ లేస్తున్నారు. ఎర్ర చీర కట్టుకున్న మనిషి, బాలి అని పిలుస్తున్నారు, తన గంప ఎత్తుకుని నీ పక్క వరుసలోకి నడుస్తోంది. కూర్చోబోతోంది. నువ్వేమీ అనడం లేదు.

అది నా వరుస. ఆమెను లేవమని చెప్పు. వస్తున్నాను.

ఇన్నమ్మ